మేనేజరుకు పంపని నోట్‌బుక్కు

కథారచయితను కావాలనుకుని సౌదీలోని దమ్మామ్‌లో ఒక కార్మికుల క్యాంపు మొత్తాన్ని రెండు వారాల పాటు వణికించాను నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకుంటే నవ్వుకోండి, ఇప్పటికే చాలామంది నవ్వారు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. గోడౌన్ల కంపెనీలో టైమ్‌కీపర్‌ని. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరు రాలేదు అని రాసి ఆఫీసుకు ఇవ్వడం నా పని. ఆ పని కాక, రోజుకొక పేజీ కథ రాయాలి, చచ్చినా మానకూడదు అని పంతం పట్టాను. మొదటి రోజు సూర్యోదయం గురించి రాశాను. రెండో రోజూ సూర్యోదయమే. మూడో రోజు ఎండ గురించి రాసేసరికి దమ్మామ్ ఆకాశంలో ఇంకేమీ మిగల్లేదు. కథ కావాలంటే మనుషుల మాటలు వినాలని అప్పుడు తోచింది. గట్టి అట్ట నోట్‌బుక్కు ఒకటి కొని, అందరూ భోజనానికి కూర్చునే బల్ల చివర చేరి, ఎవరేమన్నా పేరుతో సహా రాసుకోవడం మొదలుపెట్టాను. కథల సంగతి ఎవరికీ చెప్పలేదు. అచ్చయ్యాక చూపించి ఆశ్చర్యపరుద్దామని.

మొదటి వారం మాటలకు కొదవ లేదు. మా గదిలో ఉండే మస్తానన్న కడప మనిషి, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. సూపర్‌వైజర్‌ని ఆయన తిట్టే వేగానికి నా పెన్ను అందుకోలేకపోయేది. రెండో వారం వింత మొదలైంది. ఆ సూపర్‌వైజర్‌ది బంగారంలాంటి మనసని మస్తానన్నే అన్నాడు. వంట చేసే సత్యం బాబాయిది అమలాపురం. ఆయన అడక్కుండానే నా కంచంలో రెండు లెగ్ పీసులు వేశాడు. ఎవరో నాకు రెండంతస్తుల మంచంలో కిందిది ఖాళీ చేసిచ్చారు. నేను బల్ల దగ్గరికి రాగానే కంపెనీ నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నాయో అని అందరూ మెచ్చుకునేవారు.

రచయిత అంటే జనానికి ఇంత గౌరవమా అని పొంగిపోయాను. చెప్పకపోయినా ముఖంలో కళ కనిపిస్తోంది కాబోలనుకున్నాను. అద్దంలో చూసుకున్నాను కూడా.

చిక్కల్లా ఒకటే. పేజీల నిండా పుణ్యాత్ములే. ఎవరూ ఏ తప్పూ చెయ్యని కథ ఎలా నడుస్తుంది? అయినా రోజుకో పేజీ మానలేదు. చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం, అందరూ బల్ల దగ్గర తింటుండగా, మస్తానన్న పక్కన కూర్చుని, నోట్‌బుక్కు తెరిచి, "అన్నా, నువ్వు చేసిన తప్పు ఏదన్నా ఉంటే చెప్పు, రాసుకుంటా," అన్నాను.

ఆయన చేతిలోని ముద్ద కంచంలో పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"డ్యూటీలో పెట్టెల వెనక పండుకునింది ఒక్క దినమే తమ్ముడూ. నా సెలవు, ఊరికి పోయి మళ్ళీ రానిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం, అంతా ఆఫీసు చేతిలోనే ఉండాది. పుట్టిన బిడ్డను ఇంతవరకు ఎత్తుకోల్యా. ఇది మేనేజరుకు పంపొద్దు, నీకు దండం పెడతా."

వీళ్ళందరూ నన్ను మేనేజరు పెట్టిన గూఢచారి అనుకుంటున్నారని అప్పుడు గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. అంతవరకూ తిన్న లెగ్ పీసులన్నీ లంచాలేనని తేలింది. ఇవి కథలని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. కథలైతే చదివి వినిపించమన్నాడు సత్యం బాబాయి.

నిలబడి అప్పటిదాకా రాసిన పద్దెనిమిది పేజీలూ చదివాను. ఒక్కరూ మధ్యలో లేచి వెళ్ళలేదు. నా జీవితంలో మొదటి సభ అది. అయిపోయాక మస్తానన్న కళ్ళు తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"దీన్ని మేనేజరుకే పంపు తమ్ముడూ. ఆయనైతే తీసుకునే జీతం కోసమైనా సదువుతాడు."

క్యాంపు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నెలలోనే మస్తానన్న ఊరికి వెళ్ళి, కూతుర్ని ఎత్తుకున్న ఫొటో పంపాడు. నేను రోజుకో పేజీ ఇప్పటికీ రాస్తున్నాను. అదే బల్ల మీద, రాసింది అక్కడికక్కడే పైకి చదివి మరీ లేస్తున్నాను.

ఇక నా ప్రతిజ్ఞ వినండి. ఎగ్జిట్ రీఎంట్రీ ఇంకా చేతికి రాని ఏ మనిషినీ, ఈ జన్మలో, కథావస్తువు ఇమ్మని అడగను.