ఏ లైన్ల నిలబడాలె?

మొన్న ఎన్నికలకు మనవరాలు సుబేదారిలోని మా ఇంటికి వచ్చి, మొదటిసారి ఓటు వేయబోతున్న ఉత్సాహంతో రెండు రోజులు ఫోను వదలకుండా కూర్చుంది. ఏ అభ్యర్థి హిజ్రాల గురించి ఏమన్నాడు, మగవాళ్లను ప్రేమించే మగవాళ్ల గురించి, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్ల గురించి ఎప్పుడేం మాట్లాడాడు, అసలు మాట్లాడాడా లేదా అని వెతికి వెతికి, వాళ్లనూ అందరితో సమానంగా చూస్తానన్నవాళ్లకే తన ఓటని తేల్చి చెప్పింది. మన కాలంలో ఓటంటే ఇంటి పెద్ద ఏ గుర్తు చెబితే ఆ గుర్తు మీద ముద్ర గుద్ది రావడమే కదా, మీకూ గుర్తుండే ఉంటుంది. కానీ ఆ పిల్లను చూస్తుంటే, ఫోన్లూ గీన్లూ లేని రోజుల్లోనే ఈ పని చేసిన మనిషి మా ఇంట్లోనే ఉండేదని గుర్తొచ్చి, మనసంతా ఎటో పోయింది.

ఆమె మా బాపుకు తమ్ముడిగా పుట్టింది. మాది వరంగల్‌లో మగ్గాల ఇల్లు. బాపు నేసేవాడు, ఆడవాళ్లు కండెలు చుట్టేవాళ్లు, ఆమె చిన్నప్పటి నుంచీ ఆ ఆడవాళ్ల మధ్యనే కూర్చుని నూలు చుట్టేదట. ముప్పై దాటాక ఒక బోనాల నాడు చీర కట్టుకుంది, ఆ తర్వాత ఇక లుంగీ ముట్టలేదు. బాపు మాట్లాడటం మానేశాడు. నాయనమ్మ మాత్రం ఆమె అవ్వా అని పిలిచే కన్నతల్లి కదా, వేళకు అన్నం పెట్టేది, తలకు నూనె రాసేది, ఆ చీర సంగతి మాత్రం మంచికీ చెడ్డకీ ఎత్తేది కాదు. చిన్నాయనా అనొద్దు, అత్తా అనమని నన్ను ఒకసారి అడిగింది, నేను ఆ రోజు నుంచీ అత్త అనే పిలిచాను. బజారులోవాళ్లు పిలిచిన పేర్లు ఇక్కడ రాయను, మీకు తెలియనివి కావు.

నేను కాజీపేటలో చిన్న ఉద్యోగంలో చేరి, ఇరవై ఒకటి నిండి, కొత్తగా ఓటు వచ్చిన ఏడు అది. అంతకు ముందు అత్త ఓటుకు వెళ్లి, మగవాళ్ల లైన్లో వెకిలి నవ్వులూ గిల్లుళ్లూ పడలేక తిరిగొచ్చింది. అందుకని ఆసారి ఓట్లడగ వచ్చిన ప్రతి అభ్యర్థినీ వాకిట్లో ఆపి ఒకటే మాట అడిగింది: "నా ఓటు సంగతి తర్వాత జూద్దాం గని, నేను ఏ లైన్ల నిలబడాలెనో జర జెప్పు సారూ."

మొదట జీపులో వచ్చినాయన వెంట ఉన్నవాళ్లు పగలబడి నవ్వితే, ఆయన గాలికి ఒక దండం పెట్టి పక్కింటికి నడిచాడు. రెండో ఆయన పెద్దమనిషి, గెలిచాక చూద్దామన్నాడు. గెలిచినంక నా ఓటుతోని నీకేం పని అని అత్త అంటే, నాయనమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడో ఆయన కాలినడకన తిరిగే ఇండిపెండెంటు, డిపాజిట్టు దక్కదని ఆయనకూ తెలుసు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, కాసేపు ఆలోచించి, "ఏ లైను నీదనిపిస్తె ఆ లైన్ల నిలబడు అక్కా" అన్నాడు. అక్కా అన్నందుకే అత్త కళ్లు తుడుచుకుంది. ఆ రోజంతా ఆమె సంబరం పట్టలేకపోయాం.

పోలింగు నాడు బడి ముందర రెండు లైన్లు, మధ్యన ఒక తాడు. అత్త చిలకపచ్చ చీర కట్టుకుని, కొప్పులో పూలు పెట్టుకుని వచ్చి ఆడవాళ్ల లైన్లో నా వెనక నిలబడింది. నా ముందర నాయనమ్మ. గుసగుసలు మొదలయ్యాయి, ఎవరో పోలీసాయనను పిలుచుకొచ్చారు. ఆయన చెడ్డవాడేం కాదు, గొడవ లేకుండా పని జరిగితే చాలన్నట్టున్నాడు. మా మేనత్త అని నేను చెబుతున్నా చిన్నపిల్ల మాట అనుకున్నాడేమో పట్టించుకోక, నాయనమ్మను అడిగాడు. "అవ్వా, ఈమె నీకేమైతది?"

మన దిక్కు కొడుకు వేరు, బిడ్డ వేరు. బిడ్డ అంటే కూతురే. నా బిడ్డ అని నాయనమ్మ ఒక్కమాట అంటే అత్త ఆ లైన్లోనే ఉండేది, ఓటు వేసేది. నాయనమ్మ తల ఎత్తలేదు.

"నా కొడుకు" అంది.

అబద్ధమాడిందని అనలేను, తాను కన్నది కొడుకునే అని ఆ తల్లి నమ్మింది. అందుకే నాయనమ్మ మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోయాను, ఇన్నేళ్లయినా మరిచిపోనూ లేకపోయాను. పోలీసాయన తాడు అవతలికి చెయ్యి చూపించాడు. అవతల బాపు, ఆయన స్నేహితులు నిలబడి ఉన్నారు. అత్త అటు చూసి ఇంటిదారి పట్టింది. మేము ఓట్లు వేసి వచ్చేసరికి కండెలు చుడుతూ కూర్చుని ఉంది.

మళ్లీ ఎన్నికలొచ్చినప్పుడు అత్త వాకిట్లోకే రాలేదు. ఈసారి ఎవరినీ అడగవా అత్తా అంటే, నూలు మీద నుంచి కళ్లెత్తకుండా, "ఓట్లడగ వచ్చినోళ్లందరిని అడిగిన బిడ్డా. మా అవ్వనొక్కదాన్ని అడగకపోతి" అంది. ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. జ్వరమని దవాఖానకు తీసుకుపోతే మళ్లీ ఇంటికి రాలేదు. ఓటర్ల జాబితాలో మగా ఆడా కాక మూడో గడి రావడం ఆమె కంటపడలేదు.

ఇప్పుడు ఆ గడి ఉంది, ఆ మాట ఎత్తే అభ్యర్థులు ఒకరిద్దరైనా ఉన్నారు, ఎత్తనివాళ్లను నిలదీసే పిల్లలున్నారు, నాకు సంతోషమే. నాయనమ్మ వయసు నాకూ వచ్చింది, నలుగురిలో నా మాట చెల్లే వయసు. నా వెనక ఎవరు నిలబడ్డా, ఈమె నీకేమైతదని అడిగితే నా బిడ్డ అని చెప్పాలని ప్రతి ఎన్నికకూ అనుకుంటూనే వెళతాను. ముసలిదాన్నని నన్ను లైన్లో నిలబెట్టరు, చెయ్యి పట్టుకుని నేరుగా లోపలికి తీసుకుపోతారు, ఎవరూ ఏమీ అడగరు.