తప్పులక్క రాసిన పేజీ

తప్పులక్క రాసిన పేజీలు తమ కంట పడకూడదని ఆసుపత్రిలో అందరూ కోరుకుంటారు. ఆవిడ కోరుకునేదీ అదే. కంప్యూటర్ సవ్యంగా పనిచేసినంతకాలం అవి బయటికి రావు. ఏదైనా తెగినప్పుడు, అడిగింది దొరకనప్పుడు, జనానికి సమాధానం చెప్పుకోవాల్సినవి ఆ పేజీలే. అందుకే ల్యాబ్ వాళ్లు ఆవిడకి ఆ పేరు పెట్టారు. సొంత పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆసుపత్రి వెనకవైపు, ఉతికిన దుప్పట్లు పేర్చే గది పక్కన, కిటికీ లేని గది ఆవిడది. పంతొమ్మిదేళ్లుగా అక్కడే. రోగులు తమ పరీక్షల రిపోర్టులు ఫోన్లో చూసుకునే జావా అప్లికేషన్ ఆవిడ చేతుల్లోనే పెరిగింది. పనిమంతురాలు. ఈ మాట ముందే చెప్పాలి, తర్వాత సంగతి విన్నాక నమ్మబుద్ధి కాదు కాబట్టి.

మొదట్లో ఆ అప్లికేషన్ మొరాయిస్తే తెర నిండా బారెడు ఇంగ్లీషు వరసలు వచ్చేవి. ఏ ఫైల్లో, ఎన్నో లైన్లో తెగిందో అంతా అందులో ఉండేది. రాసినవాళ్లకి అది పనికొచ్చే సమాచారమే. రోగి తాలూకు వాళ్లకి మాత్రం అది చూస్తే గుండె జారిపోయేది. ఒకరోజు ఆసుపత్రి చూడ్డానికి వచ్చిన ఎవరో పెద్దమనిషి ఆ తెర చూసి నవ్వాడట. కంప్యూటర్ విభాగం పెద్దసారు ముఖం కందగడ్డలా చేసుకుని వచ్చాడు.

"ఆ చెత్త ఇంకెవరికీ కనపడకూడదు. సాయంత్రంలోగా ఏదో ఒక మంచి పేజీ పెట్టెయ్."

పని చిన్నదే. ఫలానా నంబరు తప్పు జరిగితే ఫలానా పేజీ చూపించమని సెట్టింగుల ఫైల్లో రాసిపెట్టాలి. అడిగింది అసలు లేకపోతే 404. ఉన్నా కూడా తీసివ్వలేక ప్రోగ్రామే కూలిపోతే 500. అలమారాలో కాగితం లేకపోవడం వేరు, కాగితం ఉండి తలుపు ఇరుక్కుపోవడం వేరు. ఆ తేడా ఆవిడకి తెలియనిది కాదు. కానీ సాయంత్రమైంది, బస్సు వేళయింది. రెండు నంబర్లకీ ఒకే పేజీ తగిలించి చేతులు దులుపుకుంది. లేత నీలం రంగు మీద "మీ రిపోర్టు ఇంకా సిద్ధం కాలేదు. దయచేసి రేపు చూడండి" అని రాసింది. ఆ పేజీ దాకా వచ్చే నూరుమందిలో తొంభైమంది విషయంలో అది నిజమే. మిగతా పదిమంది ఎలాగూ కౌంటరుకి వచ్చి అడుగుతారులే అనుకుంది.

పెద్దసారుకి పేజీ తెగ నచ్చింది. ఫిర్యాదుల ఫోన్లు ఆగిపోయాయి. ఫోన్లు ఆగితే తప్పులు ఆగినట్టేనని నమ్మే మనిషి ఆయన. ఆ ఏడాది ఆవిడకి ప్రశంసాపత్రం కూడా ఇప్పించాడు.

రెండేళ్ల తర్వాత ఒక డాక్టరు దగ్గర్నుంచి చీటీ వచ్చింది. ఫలానా రిపోర్టు ఐదోరోజుకే కంప్యూటర్లోకి ఎక్కింది, గడ్డ మంచిది కాదని అందులో స్పష్టంగా ఉంది, అయినా మనిషి ఇరవైరెండో రోజు దాకా రాలేదు, మా నర్సు ఫోన్ చేసి పిలిపించింది, కారణం కావాలి అని. తప్పులక్క ఆ రిపోర్టు తెరవబోయింది. లేత నీలం పేజీ వచ్చింది. ఇంకా సిద్ధం కాలేదంది.

అప్లికేషన్ తన తప్పులన్నీ ఒక లాగ్ ఫైల్లో రాసుకుంటూ ఉంటుంది. తెర మీద వరసలు రాకుండా ఆపింది గానీ, ఆ ఫైలు తెరిచి చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు చదివింది. చేర్చుకునేటప్పుడు ఆ రోగి వయసు ఎవరికీ సరిగ్గా తెలియక గుమాస్తా ఆ గడి ఖాళీగా వదిలేశాడు. ఆ ఖాళీ గడి దగ్గరికి రాగానే ప్రోగ్రాం కూలిపోతోంది. అదే రిపోర్టు నంబరు, ఉదయం ఎనిమిదింటికి అటూ ఇటూగా, పదిహేడు రోజులు వరసగా ఉంది.

అరగంటలో ప్రోగ్రాం సరిచేసింది. తర్వాత ఒక్క పేజీని రెండు చేసింది. ప్రోగ్రాం కూలినప్పుడు వచ్చే రెండోదాని మీద ఇలా రాసింది: "తప్పు మా దగ్గర జరిగింది, మీ దగ్గర కాదు. మీ రిపోర్టు వచ్చే ఉండవచ్చు. రేపటి దాకా ఆగకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఆ నంబరు తన బల్ల మీది ఫోనుదే.

పెద్దసారు అది చదివి తలుపు దగ్గరగా వేశాడు. "తప్పు మాది అని మనమే రాసుకుంటామా? పైగా ఆ పేషెంటు సంగతి బయట నోరు జారకు. కేసవుతుంది, నీ ఉద్యోగం పోతుంది."

"పేజీ మాత్రం తియ్యను సార్," అంది ఆవిడ. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. రెండో సంగతి మీద మాత్రం నోరు మూసుకునే ఉంది, నాలుగు నెలలు. ఈలోగా ఆ రోగి చనిపోయింది.

చనిపోయినామె భర్త దర్జీ. ఆసుపత్రి కాగితాల నకళ్ల కోసం వచ్చి, కౌంటరు వాళ్లు పంపిస్తే ఈ గదికి వచ్చాడు. మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేశాడు. కాగితాలు ప్రింటవుతుంటే ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"నాదే తప్పమ్మా. పాప చెప్తూనే ఉంది, వెళ్లి అడిగి రా నాన్నా అని. ఫోన్లో చూస్తున్నా కదే, ఇంకా రాలేదంటున్నారు కదా అన్నాను. వాళ్లమ్మ పోయిన రోజు నుంచి పాప నాతో మాట్లాడటం లేదు. ఎట్లా మాట్లాడుతుంది?"

ప్రింటర్ ఆగింది. తప్పులక్కకి ఇల్లుంది, మంచం పట్టిన అత్తగారుంది, ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసుంది. ఇవన్నీ ఆ క్షణంలో కళ్ల ముందు తిరిగాయి. ధైర్యవంతురాలేం కాదు. అయినా లాగ్ ఫైల్లోని ఆ పేజీ కూడా ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టింది.

"మీ తప్పు లేదండీ. రిపోర్టు ఐదోరోజే వచ్చింది. రాలేదని మీకు చెప్పిన పేజీ నేను రాసింది."

ఆయన అరుస్తాడని చూసింది. అరవలేదు. కాగితం అంచు వెంట బొటనవేలు నడిపిస్తూ, గుడ్డ మడత సరిచేసినట్టు సరిచేస్తూ ఉండిపోయాడు.

"ముందే తెలిస్తే బతికేదా?"

"డాక్టరు గారు పెద్ద తేడా ఉండేది కాదన్నారు. అది నిజమో, నా కోసం అన్నారో నాకు తెలీదు."

ఆయన లేచాడు. "ఈ మాట మా పాపకి చెప్తారా? నేను చెప్తే నమ్మదు."

ఆదివారం వెళ్లింది. ముందు కుట్టు మిషను, వెనక ఒక్క గది. ఇరవయ్యేళ్ల పిల్ల గడప మీద కూర్చుని గుండీలు కుడుతోంది. తండ్రి మిషను దగ్గర ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. తప్పులక్క దారంతా కూర్చుకున్న మాటలు వదిలేసింది. జరిగింది జరిగినట్టు చెప్పి కాగితం చేతికిచ్చింది.

ఆ పిల్ల ఇంగ్లీషు వరసలు వదిలేసి తేదీలు మాత్రం చదివింది. వేలు పెట్టి, ఒక్కొక్కటే.

"రోజూ చూశాడా?"

"రోజూ. ఆదివారాలు కూడా. ఇదిగో, ఈ రోజు మూడుసార్లు."

"ఆ రోజు అమ్మకి బాగా నొప్పొచ్చింది," అంది ఆ పిల్ల. కాగితం మడిచింది. "మిమ్మల్ని నేను క్షమించలేను ఆంటీ."

"వద్దమ్మా. అందుకు రాలేదు."

మిషను కదలడం లేదు. ఆ వీపూ కదలడం లేదు. పిల్ల కుడుతున్న చొక్కా పక్కన పెట్టి లేచింది. తండ్రి వెనక్కి వెళ్లి, భుజం మీద చెయ్యి వేయబోయి ఆగి, ఆయన మెడలోని టేపు తీసి మేకుకి తగిలించింది.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నువ్వు," అంది. "లే నాన్నా."