నా ఈడు రైలు, దాని ఒక్క తలుపు

ఈ లండన్ ప్రయాణానికి కారణం మా అక్క కూతురు స్రవంతి ఫోన్. "చిన్నమ్మా, శుక్రవారం సెలవు పెట్టి రారాదు? రైల్ల నా పక్కన కూసుంటే చాలు" అంది. ఆ పిల్ల కోవెంట్రీలో మా ఇంట్లో ఉండే మాస్టర్స్ చదివింది. ఇప్పుడు లండన్‌లో భూగర్భ రైళ్ళను బాగుచేసే డిపోలో ఇంజినీరు.

నేను జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టుని. మేనేజర్‌ను బతిమాలి డ్యూటీ రోటా మార్పించుకుని, పులిహోర డబ్బా కట్టుకుని, తొమ్మిదింటికి రైలెక్కాను. వెళ్ళాలనుకునేవాళ్ళు టికెట్ ముందే కొనుక్కోండి, అప్పటికప్పుడైతే జేబుకు చిల్లే. గంట ప్రయాణం.

యూస్టన్‌లో స్రవంతి ఎదురొచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఏమైందే అంటే నడుస్తూ చెప్పింది. తన రైళ్ళకు దాదాపు నా వయసు. తలుపులను తోసే గాలి యంత్రంలో అరచేతిలో పట్టే ముక్క ఒకటి అరిగిపోతోంది. దాన్ని చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందుకని ఒక రైలును షెడ్డులో నిలబెట్టి, దాని ముక్కలు పీకి మిగతావాటికి పెడుతున్నారు. స్రవంతి పాత ముక్కను కొలిచి కొత్తది చేయించింది. ఇవాళ ఒక రైల్లో, ఒకే తలుపుకు దాన్ని పెట్టారు. సాయంత్రందాకా ఆ తలుపు పక్కన కూర్చుని చూడటమే ఆమె పని.

"ఇది ఫెయిలయితే ఇంకో రైలును గూడ షెడ్డుల వెట్టుడే చిన్నమ్మా" అంది.

"నా మోకాళ్ళకు కూడా ఒక ముక్క చేయించవే తల్లీ" అన్నాను. నవ్వలేదు.

ఏ లైనో చెప్పను, చెప్పనని మాటిచ్చాను. పది దాటాక ఎక్కాం. వెచ్చటి దుమ్ము వాసన. కూర్చుంటే కిందికి దిగిపోయే మెత్తటి సీట్లు. నాకు తెగ నచ్చాయి. ఎదుటి పెద్దావిడ మాత్రం విసుక్కుంది: "ఇంత పాత రైళ్ళు ఇంకా ఎందుకు నడుపుతారో!"

"కొత్తవి వచ్చేదాకా మీరు దేన్లోనో ఒకదాన్లో వెళ్ళాలి కదండీ" అంది స్రవంతి ఇంగ్లీషులో, మర్యాదగానే. కళ్ళు మాత్రం తలుపు మీదే ఉన్నాయి.

ఈ చివరికీ ఆ చివరికీ తిరుగుతూనే ఉన్నాం. మధ్యాహ్నం పులిహోర నేనే తిన్నాను, ఆ పిల్ల ముట్టలేదు. నాలుగింటికి జనం కిక్కిరిశారు. ఒక స్టేషన్‌లో ఒకాయన పరిగెత్తుకొచ్చి సూట్‌కేసును సరిగ్గా మా తలుపులోనే ఇరికించాడు. తలుపు పడలేదు. డ్రైవర్ మళ్ళీ తెరిచి మూశాడు. మళ్ళీ అడ్డం! స్రవంతి నా చెయ్యి నలిపేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఓ నాయనా, ఆ పెట్టె లోపలికి గుంజు!" అని తెలుగులోనే అరిచాను. ఆయనకు ఏం అర్థమైందో, బెదిరిపోయి లాక్కున్నాడు. తలుపు తెరుచుకుని, మెల్లగా వచ్చి మూసుకుంది. రైలు కదిలింది. ఎవరి ఫోన్లలో వాళ్ళు మునిగిపోయారు. స్రవంతి మాత్రం మొహం కప్పుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు.

వారాంతానికి తనను వెంటబెట్టుకుని సాయంత్రం ఏడింటి రైలెక్కాను. రగ్బీ ఊరు దాటుతుండగా డిపో నుంచి మెసేజ్ వచ్చింది: మిగతా తలుపులకూ అదే పెడతారట, షెడ్డులో నిలబెట్టిన రైలుతో మొదలుపెట్టి. స్రవంతి దాన్ని పదేపదే చదువుకుంది. "అది మళ్ళ నడుస్తది చిన్నమ్మా" అంది.

కోవెంట్రీ స్టేషన్ బయట మా ఆయన కారులో ఎదురుచూస్తున్నాడు. "లండన్లో ఏం జూసినవ్?" అన్నాడు.

"ఒక తలుపు" అన్నాను.