క్లారినెట్టు రవూఫ్ ముందుపళ్ళు

వించిపేట పెళ్ళి బ్యాండులో అబ్దుల్ రవూఫ్ ఇరవై ఆరేళ్ళు క్లారినెట్టు వాయించాడు. ఒకసారి కాలువ ఇవతలి ఒడ్డున అతను పాట అందుకుంటే, అవతలి ఒడ్డున వేరే పెళ్ళికొడుకు కారు దిగి, పడవెక్కి ఇటు వచ్చేశాడు. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. కొంతమంది నమ్మారు కూడా.

క్లారినెట్టు ఆనేది పై వరస ముందుపళ్ళ మీద. అవి గట్టిగా ఉంటేనే ఊపిరి పాటవుతుంది. నలభై ఏడో ఏట రవూఫ్‌కు సరిగ్గా ఆ పళ్ళ దగ్గరే చిగుళ్ళు వాచాయి. వాయించి దించితే నోట్లో ఆనే రీడు బద్ద మీద నెత్తురు కనిపించేది.

పళ్ళ డాక్టరు ఇష్రత్ చూసి చెప్పింది. "చిగురు లోపలికంటా గార దిగిందండీ. రెండు సిట్టింగుల్లో గీకి తీసేస్తాను. మొదటి సిట్టింగు రోజు నుంచే ఈ మాత్రలు వారం వాడాలి. రెండూ కలిపే చెయ్యాలి. గార వదిలేసి మాత్రలు మింగితే పైకి తగ్గినట్టుంటుంది, లోపల ఎముక కరిగిపోతూనే ఉంటుంది."

రవూఫ్ చీటీ జేబులో పెట్టుకుని తిన్నగా మా అరుగు మీదికి వచ్చాడు. వీధిలో అందరికీ నేను తాతగారినే. కాన్వెంటులో చదివినవాణ్ణని నా మాటకు కాస్త విలువ.

"గీకితే పళ్ళు వదులైపోతాయంటారు, నిజమేనా తాతగారూ? మాఘంలో పద్నాలుగు పెళ్ళిళ్ళున్నాయి."

అరుగు మీద ఇంకో నలుగురున్నారు. నా నోరు ఊరుకోలేదు.

"హనుమాన్ జంక్షన్ లారీ డ్రైవరు కొండలయ్య లేడూ? క్లీనింగ్ చేయించుకుని, గేరు మార్చి, ఒక్క తుమ్ము తుమ్మాడు. కింది వరస మొత్తం అద్దానికి అతుక్కుంది. వైపరు వేస్తే రాలేదు, అది బయట ఉంటుందిగా!"

అందరూ పగలబడి నవ్వారు. రవూఫ్ కూడా నవ్వాడు. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

మాత్రలు మింగాడు. వారంలో వాపు తగ్గింది, నెత్తురు ఆగింది. "మందే సరిపోయింది" అన్నాడు. నేను కాదనలేదు. వాచినప్పుడల్లా అదే పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు కొనేవాడు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ మాత్రలకు వాపు లొంగడం మానేసింది. ఒక ఊరేగింపులో పై స్వరం అందుకోబోతుంటే ముందుపన్ను ఊగింది, క్లారినెట్టు కీచుమంది. జనం నవ్వారు.

ఈసారి తోడుగా నేనూ వెళ్ళాను. ఇష్రత్ ఎక్స్‌రే చూసింది. "ఈ రెండు ముందుపళ్ళూ తీసేయాల్సిందే. గీకితే వదులవుతాయని మీకు ఎవరు చెప్పారండీ?"

"ఎవరో అన్నారమ్మా" అన్నాడు రవూఫ్, నావైపు చూడకుండా.

మిగతా పళ్ళకు గార గీకి, మాత్రలు కలిపి వాడించింది. రెండు నెలల్లో చిగుళ్ళు గట్టిపడ్డాయి, ఆ పళ్ళు నిలిచాయి. తీసేసిన ముందుపళ్ళ చోట పెట్టిన కట్టుడుపళ్ళు మాత్రం క్లారినెట్టు ఆనగానే కదిలిపోతాయి.

"ఇంట్లో పొద్దున్నే సాధన గోల తప్పింది లెండి" అంది అతని భార్య కుల్సుం. అని, నేనింకా గుమ్మంలో ఉండగానే లోపలికి వెళ్ళిపోయింది.

మొన్న పామర్రులో ఒక పెళ్ళికి వెళితే, రవూఫ్ బ్యాండు చివరి వరసలో ఇత్తడి తాళాలు పట్టుకుని కనిపించాడు. ఊరేగింపు కదలకముందే పక్కకు పిలిచి చెప్పాను.

"ఆ డ్రైవరు కథ నేను కల్పించిందే రవూఫ్."

"అప్పుడే తెలుసండీ. తుమ్మితే పళ్ళు అద్దానికి అతుక్కుంటాయా?" అన్నాడు. "నాకా పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోవాలంటేనే భయం. వెళ్ళొద్దని ఎవరైనా అంటే బాగుండుననుకున్నాను. మీరు కాకపోతే ఇంకొకరు అనేవారు."

ఇంకొకరు అనలేదు. నేనే అన్నాను.