కంప తీసినా చుట్టుదారే

పోయిన ఆదివారం తెల్లవారుతూనే మా మనవరాలు పటమటలోని మా అపార్ట్‌మెంటుకు వచ్చి, తను కొన్న బూట్లు బలవంతాన నా కాళ్ళకు తొడిగింది. దాని ఆఫీసు స్నేహితులంతా వారం వారం కొండలెక్కుతారట, దానికి ట్రెక్కింగ్ అని పేరు. నడకే అయినా ఒక పేరు పెడితే గాని ఈ కాలం పిల్లలకు కాళ్ళు కదలవు. ముందురోజు అది ఫోనులో ఒక ఫొటో చూపించి, కంది చేల మధ్య తిన్నగా వచ్చిన ఎర్రమట్టి దారి ఉన్నట్టుండి పక్కకు తిరిగి, కొండ అంచు పట్టుకుని చుట్టూ పోయి మళ్ళీ పైకెక్కుతున్న ఆ వంపు ఎంత బాగుందోనని మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ వంపు నాకు తెలుసు. దానిలో అందం చూసి మురిసేవాళ్ళమీద ఇప్పటికీ నాకు కోపమే.

బెజవాడకు పడమట ఆ కొండల కిందే మా ఊరు. తాతయ్య పోయాక పంపకాల్లో కొండవాలున కింది చేను పెదనాన్నకూ, పై చేను మా నాన్నకూ వచ్చాయి. పై చేనుకు పోవాలంటే కింది చేను గట్టు మీదుగానే పోవాలి, అన్నదమ్ముల మధ్య దారికి వేరే మాటేమిటని ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. ఒక వానాకాలం మా గేదెదూడ తాడు తెంచుకుని పెదనాన్న కంది మొలకలు మేసింది. అది మేసింది కొంచెమే, ఆయన అన్న మాటలు మాత్రం కొంచెం కాదు. మర్నాడు గట్టుకు అడ్డంగా రేగుకంప వేయించాడు. మా నాన్న నోట్లో నాలుక లేని మనిషి, తల వంచుకుని ఊరుకున్నాడు. మా అమ్మ ఊరుకోలేదు. నలుగురూ వింటుండగా వీధిలో నిలబడి, పెద్దమ్మ వైపు తిరిగి, "బావగారు ఆయన నోటితో రమ్మనేదాకా నేనా గట్టు తొక్కను, నా పిల్లలూ తొక్కరు, నా మీద ఒట్టు" అంది.

మన తరం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో తమ్ముడి భార్యతో బావగారు నేరుగా మాట్లాడేవాడు కాదు. ఆయన వాకిట్లో అడుగు పెడితే ఆవిడ తలుపు చాటుకు పోవాలి, ఏం చెప్పాలన్నా మధ్యలో పెద్దమ్మో, పిల్లలో ఉండాలి. ఏ మనిషి తనతో మాట్లాడకూడదో ఆ మనిషి నోటి పిలుపే కావాలని ఒట్టు పెట్టుకుని కూర్చుంది మా అమ్మ. కోపంలో ఉన్నవాళ్ళకు ఇవన్నీ తోస్తాయా?

అప్పటినుంచి కొండ అంచున రాళ్ళ మీదుగా చుట్టూ తిరగడమే. నెత్తిన అన్నం గంప, చంకన తమ్ముడితో అమ్మ ముందు, మజ్జిగ ముంతతో నేను వెనక. పల్లేరుకాయలు గుచ్చుకున్నప్పుడల్లా పెదనాన్నను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. ముందు అక్కడ దారే లేదు. మా అమ్మ అడుగులకు గడ్డి చచ్చి దారి పడింది, ఆ తర్వాత మేకలవాళ్ళూ పుల్లలవాళ్ళూ దాన్నే పట్టుకున్నారు.

మరుసటి ఏడు కోతలప్పుడు చూస్తే గట్టు మీద కంప లేదు. పెదనాన్నే తీయించాడట. పెద్దమ్మ మా ఇంటికొచ్చి, "కంప తీసేశారుగా, ఇంకా ఏందే నీ పంతం? రా" అంది. "నువ్వు పిలిస్తే చాల్దక్కా" అంది మా అమ్మ. కంప తీయించడమే పిలవడమని ఆయన లెక్క, నోరు విప్పితేనే పిలిచినట్టని ఈవిడ లెక్క. ఇద్దరిలో ఎవరూ దిగిరాలేదు. తెరిచిన గట్టు అలా ఎదురుగా పడి ఉండగానే దాని పక్కనుంచి మేము చుట్టూ తిరిగేవాళ్ళం. అక్కడికి రాగానే అమ్మ గంప దించి, తలమీది చుట్టకుదురు తీసి విప్పి, మళ్ళీ నిదానంగా చుట్టుకునేది. అలసిపోయి ఆగిందనుకునేదాన్ని. పెదనాన్న అవతల చేలో వంచిన నడుము ఎత్తకుండా పని చేసుకునేవాడు. ఏళ్ళు గడిచి ఆయన పోయిననాడు మా అమ్మ వెళ్ళి అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. మర్నాడు చేనుకు మాత్రం చుట్టుదారినే వెళ్ళింది.

ఆదివారం మేము వెళ్ళేసరికి గట్టు మొదట్లో రేకుల పందిరి కింద ఒక టీ బల్ల ఉంది. అక్కడున్నది పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య. తల ముగ్గుబుట్టయింది. మా నాన్న పోయాక మేము పై చేను బయటివాళ్ళకు అమ్మేశామని ఆయనకూ మాకూ మాటల్లేవు. కొండెక్కడానికి వచ్చినవాళ్ళందరినీ, "చుట్టూ ఎందుకు బాబూ, ఇట్టా గట్టు మీదగా రండి, దగ్గర దారి" అని నోరారా పిలుస్తున్నాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళను. మా అమ్మకు దక్కని మాటను అలా దారినపోయేవాళ్ళందరికీ పంచుతున్నాడు. నన్ను చూడగానే ఆయన నోరు మూతపడింది.

మనవరాలు అప్పటికే గట్టు మీదకెక్కి, "అమ్మమ్మా, ఇటు రా" అంటోంది. నేను వంగి, ఊడని బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాను. నిదానంగా కట్టుకున్నాను. "రామ్మా" అని అన్నయ్య ఒక్కమాట అంటే చాలనుకున్నాను. అప్పుడు తెలిసింది, మా అమ్మ ఆ చుట్టకుదురు అంతసేపు ఎందుకు చుట్టుకునేదో. ఆయన టీ గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు. లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ చుట్టుదారినే పోయాను.

కాలం ఎంత మారిందో చెప్పాలంటే, మా అమ్మాయి తన బావగారితో రోజూ ఫోనులో పగలబడి నవ్వుతూ మాట్లాడుతుంది. చూస్తే ముచ్చటేస్తుంది, మా అమ్మ గుర్తొచ్చి ఏడుపూ వస్తుంది. కంప వేసిన మనిషి లేడు, ఒట్టు పెట్టిన మనిషీ లేదు, పోట్లాడి తేల్చుకుందామన్నా ఎదురుగా ఎవరూ లేరు. వాళ్ళ పంతం మాత్రం ఆ కొండ మీద దారై మిగిలింది, జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో మనవరాలు, అంత దగ్గర దారి పెట్టుకుని చుట్టూ ఎందుకొచ్చావని అడిగింది. నన్నెవరూ పిలవలేదన్నాను.

"నేను పిలిచాగా అమ్మమ్మా."

"నువ్వు పిలిస్తే చాల్దే" అన్నాను.