లచ్చవ్వ మూసిన గుట్ట

తొలకరి చినుకు పడగానే మేకల దొడ్డి నుంచి ఒక వాసన లేస్తుంది. తడిసిన పెంట, నానిన తుమ్మకాయ, మేక వెంట్రుక అన్నీ కలిసిన ఘాటు. చాలామంది ముక్కు మూసుకుంటారు. ఈ ఏడు వాన బాగా ఆలస్యమైంది కాబట్టి ఈ ఉదయం ఆ వాసన మరీ గట్టిగా తగిలింది. లచ్చవ్వ మీద ప్రేమ, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ నాకు అంతే.

రుద్రంగి దగ్గరున్న ఈ ఊరికి నేను మేడిపల్లి వైపు నుంచి కోడలిగా వచ్చాను. మాది కల్లు గీసే ఇల్లు. వరుసగా వానల్లేక తాటిచెట్లు ఎండిపోతే మా ఆయన దుబాయి పోయాడు. నేను బీడీలు చుట్టుకుంటూ అత్తతో, ఆమె మేకలతో మిగిలాను. మా పెరటి గోడ దాటితే లచ్చవ్వ దొడ్డి. ఆమెకు గుంటెడు భూమి కూడా లేదు, మొగుడు ఎప్పుడో పోయాడు, ఇద్దరు కొడుకులూ బొంబాయిలో కూలికి ఉన్నారు. ఉన్నదల్లా మేకలు, వాటిని తిప్పడానికి ఊరి వెనక బోడిగుట్ట, ఎవరినైనా కడిగేసే నోరు.

ఒక పొద్దున ఆమె దొడ్డి ఊడ్చి, చాటలో పెంట చెరుగుతుంటే నాకు నవ్వొచ్చింది.

"పెంటల ఏం ఏరుతున్నవ్ అవ్వా?" అన్నాను గోడ మీదుగా.

"గింజలు. తుమ్మకాయ తిన్న మేక నెమరేసుకుంట గింజను ఉమ్మేస్తది. గది జల్ది మొలుస్తది. చెట్టు మీదికెల్లి రాలింది గట్ల మొలువది" అంది. ఆ వెంటనే చాట నా వైపు తోసి, "నవ్వుడయితే అయింది గని, జర నువ్వు గూడ ఏరు" అంది.

అలా మొదలైంది నా చదువు. తుమ్మ, రేగు గింజలు ఏరి, గుట్ట మీద రాళ్ల పక్కన, వాననీళ్లు కాసేపైనా ఆగే చోట పెట్టేవాళ్లం. "గీ గుట్ట పచ్చగుంటే నా కొడుకులు బొంబాయి పోతుండిరా?" అని పెడుతున్నంతసేపూ గుట్టను తిట్టేది. చెట్లొస్తే మేకలు నిలుస్తాయి, మేకలుంటే కొడుకులు తిరిగొస్తారు. ఆమె ఆశంతా అదే.

మొదటి ఏడు మేం చేసిన తెలివితక్కువ పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మొలకలు బాగానే వచ్చాయి. వాటిని చూసుకోవడానికి లచ్చవ్వ రోజూ గుట్టెక్కేది. మేకలు ఆమెను విడిచి ఉండవు కదా, వెనకే ఎక్కేవి. ఆమె వంగి ఒక మొలకను మురిపెంగా చూసి ముందుకు కదలగానే, వెనకున్న మేక దాన్ని కొరికేసేది. మాకు తెలిసొచ్చేసరికి గుట్ట మళ్లీ బోడి. ఆమె మేకలను ఒక్క దెబ్బ కొట్టలేదు, తన నెత్తే కొట్టుకుంది.

మరుసటేడు గింజలు పెట్టకముందే మేకలున్న ఇళ్లన్నీ తిరిగింది. గుట్ట మీదికి ఎవరి మేకా పోవద్దు, పొలం గట్ల మీద గడ్డీ ఆకూ కోసుకొచ్చి దొడ్లోనే మేపుకోవాలని చెప్పింది. ఆ ఏడు వానలు మంచిగా పడ్డాయి కాబట్టి అందరూ సరేనన్నారు. మా అత్త కూడా.

ఆ తర్వాతి ఏడు వాన మొహం చాటేసింది. గట్లు మాడిపోయాయి, బావులు అడుగంటాయి. మోకాలెత్తు పెరిగిన తుమ్మ, రేగు మొక్కలు మాత్రం గుట్ట మీద పచ్చగా నిలబడ్డాయి. ఊళ్లోని మేకల చూపంతా గుట్ట మీద, మనుషుల చూపంతా లచ్చవ్వ మీద. ఆమె మేకలు ఆకలికి పొద్దంతా అరిచేవి. ముందుగా ఆమే తన మేకలను గుట్ట మీదికి వదులుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె వాటన్నింటినీ అంగడికి తోలుకుపోయి, కొనేవాళ్లు అడిగినంతకే అమ్మేసి వచ్చింది. మేకల కోసం గుట్టను పెంచిన మనిషి గుట్ట కోసం మేకలను వదులుకుంది. ఇక బతుకుతెరువు లేక తానూ కొడుకుల దగ్గరికి బయలుదేరింది.

కోరుట్లలో బొంబాయి బస్సెక్కించడానికి నేనే వెళ్లాను. మూట ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి, "నేనచ్చేదాక గుట్ట నీది. ఎవలచ్చినా మేకల ఎక్కనియ్యకు" అంది.

"మా అత్త వస్తే?"

"మీ అత్తవి మేకలు గావా?"

బస్సు కదిలిపోయింది. నన్ను అడగనైనా అడగకుండా ఇంత బరువు నెత్తిన పెట్టి పోయిందని ఒళ్లు మండింది.

అత్త రానే వచ్చింది. నేను గుట్ట కింద దారికి అడ్డంగా నిలబడ్డాను.

"జరుగు, మేకలు సస్తున్నయ్" అంది.

"నువ్వు గూడ ఒప్పుకుంటివి గదా అత్తా."

"నాకు కోడలివా, లచ్చవ్వకు కావలిదానివా?" అని కేకేసి, ఒక మేకపోతును నా మీదికి తోలింది. దాని కొమ్ములు పట్టుకుని వెనక్కి తిప్పాను. పెళ్లయి వచ్చాక అత్త మాటకు నేను ఎదురు నిలబడడం అదే మొదలు. ఆ వేసవంతా ఆమె నాతో మాట్లాడలేదు. మా దొడ్లో కొన్ని మేకలు చచ్చిపోయాయి. ఆ బాధ నాకింకా ఉంది.

వానలు పడ్డాక లచ్చవ్వ తిరిగొచ్చింది. ఇంటికి కూడా పోకుండా మూటతోనే గుట్టెక్కి, మొక్కల మధ్య చాలాసేపు తిరిగింది. మెచ్చుకుంటుందేమోనని నేను చూస్తున్నాను.

"మీ అత్త ఇంక మాట్లాడుతలేదా?" అంది. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు.

"లేదు."

"మాట్లాడుతది తియ్యి" అని, నా చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చింది. కొన్నేళ్లకు పెద్దకొడుకు ఊరికొచ్చి మళ్లీ మేకలు కొన్నాడు. చిన్నవాడు రానేలేదు. గుట్ట పచ్చబడినా పోయినవాళ్లందరూ తిరిగిరారని ఆమెకు అర్థమైంది, అయినా గింజలు ఏరడం మానలేదు.

ఇప్పుడు ఆమె లేదు. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి, పెద్ద చెట్లు కొన్ని నిలువునా ఎండుతున్నాయి. వాటి కింద లేస్తున్న మొలకలే ఇక ముందు గుట్ట. అందుకే దాన్ని ఇంకా మూసే ఉంచుతున్నాం. పరాయివాళ్లకు వద్దని చెప్పడం ఏమంత కష్టం కాదు. మనవాళ్లకు చెప్పడమే కష్టం, లచ్చవ్వ నాకు అప్పగించి పోయిందీ అదే.

పోయిన వారం ఆమె మనవడు బక్కచిక్కిన మేకలను తోలుకుని గుట్ట కిందికి వచ్చాడు. అచ్చం ఆమె నోరే.

"మా నాయినమ్మ పెట్టిన చెట్లే గదా చిన్నమ్మా. నా మేకలనన్న ఎక్కనియ్యవా?"

జరిగి దారి ఇవ్వాలనే అనిపించింది.

"మీ నాయినమ్మ తన మేకలనే ఎక్కనియ్యలే, కొడుకా" అన్నాను.

అతను మేకలను కిందనే కట్టేసి, మేత కోసుకొచ్చి వేయడానికి కొడవలి ఉందా అని అడిగాడు.