బీచుపల్లి దగ్గర ఆగిన బస్సు

మా ఇంట్లో నేను నోరుగల మనిషిని. బస్సెక్కితే పక్క సీటామె ఊరు, పిల్లలు, పొలం, కోడలితో తగువు, అన్నీ దిగేలోపు నాకు తెలియాల్సిందే. అలాంటి నాకు మా వనపర్తి ఫాదరు గారు దివ్యసత్ప్రసాదం మోసుకెళ్లే పని అప్పగించారని తెలిసి మా ఆయన చాలా రోజులు నవ్వుకున్నాడు. పూజలో ఫాదరు ఆశీర్వదించిన ఆ చిన్న తెల్లటి అప్పం సాక్షాత్తూ క్రీస్తు శరీరమని మా విశ్వాసం. గుడికి రాలేని రోగులకు దాన్ని ఇంటికే తీసుకెళ్తాం. అది వెంట ఉన్నంతసేపు మాట్లాడకూడదని మాకు జపాలు నేర్పిన పాత ఉపదేశి పెట్టిన కట్టుబాటు. గుడి గడప దాటింది మొదలు రోగి మంచం చేరేదాకా మౌనమే. ప్రభువు వెంట నడుస్తుంటే ఊసుపోక కబుర్లేమిటి అనేవాడాయన.

రెండువేల ఐదో ఆరో, సరిగా గుర్తులేదు. వేరుశెనగ పీకే రోజులు. గద్వాలలో మా పెద్దమ్మకు బాగాలేదని, గంజి కూడా దిగడం లేదని పక్కింటివాళ్లు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేయించారు. పెద్దమ్మ భర్త పోయాక నేతగాళ్ల వీధిలో ఒంటరిగా ఉండేది. వాళ్ల మగ్గాలకు రాట్నం మీద నూలు కండెలు చుట్టి బతికింది. ఆ వీధి మొత్తానికి కథోలికురాలు ఆమె ఒక్కతే. పోయేముందు ఒక్కసారి సత్ప్రసాదం తీసుకోవాలని, అంతకు మించి ఏమీ వద్దని ఆమె కబురు. అక్కడి ఫాదరు ధ్యానకూటానికి వెళ్లి ఊళ్లో లేరు. పొద్దున పూజ అయిన వెంటనే మా ఫాదరు బంగారు పూత ఉన్న చిన్న గుండ్రటి డబ్బీలో సత్ప్రసాదం పెట్టి, తెల్లటి గుడ్డసంచిలో ఉంచి నా మెడలో వేశారు.

నేను తెల్లచీర కట్టుకున్నాను. ప్రభువుతో వెళ్లే రోజు అదే కట్టడం నా అలవాటు. తలలో పూలు లేవు. సంచిని కొంగు కింద గుండెకు ఆనించి రెండు చేతులతో పట్టుకున్నాను. మా ఆయన బస్టాండు దాకా వచ్చి కండక్టర్ దగ్గర గద్వాలకు టికెట్ తీసుకొని, నా గురించి నాలుగు మాటలు చెప్పాడు.

"ఆమె మాట్లాడదు. జర పైలంగ తీస్కపోండ్రి."

మంచికే చెప్పాడు పాపం. కొంప ముంచింది ఆ మాటే.

కండక్టర్ నన్నూ, నా తెల్లచీరనూ, గుండెకు హత్తుకున్న ఆ సంచినీ చూశాడు. అతని ముఖం మెత్తబడింది. ముందు సీట్లో కూర్చున్నతన్ని లేపి నన్ను కూర్చోబెట్టాడు. వనపర్తి నుంచి గద్వాల పోయే దారిలో కృష్ణ ఒడ్డున బీచుపల్లి వస్తుంది. మా వైపు చాలామంది తమవాళ్ల అస్థికలు అక్కడే కలుపుతారు. నేనూ ఆ పనికే పోతున్నాననుకున్నారు బస్సులో అందరూ. కొందరు మైల అని వెనక్కి జరిగారు. పెద్దమందడి నుంచి వచ్చి కూతురింటికి పోతున్న ఒక ముసలమ్మ మాత్రం వచ్చి నా పక్కనే కూర్చుంది. అమ్మ అస్థికలా, నాయనవా అని మెల్లగా అడిగింది. నేను పలకలేదు. కొడుకులు లేనట్టుంది, ఆడపిల్లే మోసుకుపోతున్నదని వెనకవాళ్లకు తనే చెప్పింది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. నోరు తెరిచి ఇది బూడిద కాదని చెప్పొచ్చు. మరేమిటని అడిగితే ఏం చెప్పను? శరీరం అంటే బస్సు బస్సంతా దిగి పరుగెత్తేది.

నోరు మూసుకున్నానో లేదో, కళ్లు తెరుచుకున్నాయి. ఆ దారిలో ఎన్నోసార్లు పోయాను గానీ ఎప్పుడూ సరిగా చూసింది లేదు. ఎర్రటి చేలల్లో పీకిన వేరుశెనగ చెట్లు వేళ్లు పైకి పెట్టి ఆరబోసి ఉన్నాయి. పెబ్బేరులో ఎక్కిన ఒకాయన అరచేతుల్లో ఆ మట్టే గీతల్లోకి ఇంకిపోయి ఉంది. ఒక తల్లి జొన్నరొట్టె తుంచి, నమిలి మెత్తచేసి బిడ్డ నోట్లో పెడుతోంది. రొట్టె తుంచడం అంత పవిత్రంగా ఉంటుందని నాకు అంతకుముందు తోచలేదు. దేవుడు అప్పమై నా గుండెమీద ఉన్నాడు, ఆ బిడ్డ నోట్లోనూ ఉన్నట్టే అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఏడుస్తున్నానని ముసలమ్మ నా వీపు నిమిరింది.

బీచుపల్లి వంతెనకు ఇవతల, రేవు దగ్గర డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. కండక్టర్ వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"పోయి నిమ్మళంగ కలిపి రా అమ్మా. మేమాగుతం."

ఆ మంచితనానికి నా గుండె ఆగినంత పనైంది. అక్కడ పెద్దమ్మ ఊపిరి ఎంతసేపు ఆగుతుందో తెలియదు, ఇక్కడ బస్సు నా కోసమే ఆగింది. తల అడ్డంగా ఊపాను. వంతెన అవతలికి చూపించాను. ఎవరికీ అర్థం కాలేదు. అప్పటికే కొందరు దిగి రేవు దాకా నాకు తోడు వచ్చేందుకు నిలబడ్డారు. పెబ్బేరాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. మైలని జరిగినవాళ్లలో ఒకామె కిటికీలోంచి నా వైపు చేతులు జోడించింది. ముసలమ్మ నా మోచేయి పట్టుకుంది.

"ఇడ్సిపెట్టాలె బిడ్డా. ఎంత గట్టిగ పట్టుకున్నా పోయినోళ్లు తిరిగి రారు."

చనిపోయి మూడోనాడు తిరిగి వచ్చినవాడు నా చేతుల కిందే ఉన్నాడు. ఎవరి కోసం లేచారో తెలియకుండానే ఒక బస్సు జనం ఆయన ముందు లేచి నిలబడ్డారు. మా గుడిలో పండుగనాడు కూడా అంత నిశ్శబ్దం నేను చూడలేదు. ఒక్క క్షణం పెద్దమ్మ సంగతి కూడా మరిచిపోయాను. చూస్తూ ఉండిపోయాను, అంతే.

నేను కదలకపోవడం చూసి చివరికి ముసలమ్మే అందరికీ సర్దిచెప్పింది. ఈమెకు ఇక్కడ ఇడ్సబుద్ధి అయితలేదు, గద్వాల దిక్కు నది అగ్రహారం కాడ కలుపుతదేమో, పోనియ్యుండ్రి అంది. కండక్టర్ రైట్ అన్నాడు. వంతెన మీద అందరూ కృష్ణమ్మకు చిల్లర విసిరి దండం పెట్టుకున్నారు. ముసలమ్మ నదికి పెట్టి, తర్వాత నా ఒళ్లోని సంచిని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది.

గద్వాలలో దిగితే ఆమె కూడా నాతోనే దిగి వెంట నడిచింది. దుఃఖంలో ఉన్న ఆడమనిషిని ఒంటరిగా నది ఒడ్డుకు పోనివ్వడం ఆమెకు ఇష్టం లేదు. కూతురు ఎదురుచూస్తుందేమో అని నాకు అనిపించింది, చెప్పే వీలు లేదు. నది వైపు కాకుండా నేను నేతవీధిలోకి తిరిగితే ఆమె ఆశ్చర్యపోయింది గానీ వెనక్కి పోలేదు.

పక్కింట్లో మగ్గం నేసే ఆమె, పెద్దమ్మ ముందే చెప్పి ఉంచినట్టు, మంచం పక్కన స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి ఉంచింది. ఆ గుడ్డ చీర నేతకు పెట్టిన నూలులోంచి ఆమె స్వయంగా నేసిన ముక్క. పొద్దున్నుంచి పెద్దమ్మ కళ్లు తెరవలేదని చెప్పింది. ఆలస్యమైపోయిందనుకున్నాను. డబ్బీ తెరిచి, అప్పంలో గోరంత తుంచి, చెంచాడు నీళ్లలో వేసి పెద్దమ్మ పెదవుల దగ్గర పెట్టాను.

"క్రీస్తు శరీరము" అన్నాను. గుడి గడప దాటాక నా నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత పెదవులు విడిపోయాయి. ఆమెన్ అన్న మాట వినపడలేదు గానీ పెదవుల మీద కనపడింది. గొంతు కదిలింది. మింగింది. కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. నేను మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాను.

ముసలమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. బూడిద కాదా అని అడిగింది. కాదని, మా దేవుడని, పెద్దమ్మ కోసం తెచ్చానని ఉన్నదంతా చెప్పాను. ఆమె తన చేతివేళ్లను చూసుకుంది. సంచిని తాకిన వేళ్లవి.

"మీ సామి గా బస్సుల, మా నడుమ కూసొని వచ్చిండా?"

మంచం మీద నుంచి పెద్దమ్మ గొంతు వచ్చింది, సన్నగా, ఆగి ఆగి.

"మరెట్ల వస్తడు? మనుసులున్న కాడికే గద ఆయన వచ్చేది."

ముసలమ్మ కొంగు తల మీదికి లాక్కొని లోపలికి వచ్చి, మంచం చివర కూర్చొని, ముందెన్నడూ చూడని మా పెద్దమ్మ పాదాలను ఒళ్లోకి తీసుకొని పిసకడం మొదలుపెట్టింది.

పొద్దు వాలకముందే పెద్దమ్మ ప్రాణం పోయింది. ముసలమ్మ చేతులు ఇంకా ఆ పాదాల మీదే ఉన్నాయి.